మొహమాటం సంతకం

వదిన చనిపోయిన నెల రోజులకి లాయరమ్మ మమ్మల్ని తన ఆఫీసుకి పిలవలేదు. తనే మా కుట్టు దుకాణానికి వచ్చింది. కత్తిరింపు బల్ల మీది బట్టలు తీయించి, దాని చుట్టూ మా నలుగురినీ కూర్చోబెట్టింది. మా ఆయన, ఆయన అన్నగారు, మా తోడికోడలు, నేను.

"ఆస్తి సంగతి ఆ ఆస్తిలోనే కూర్చుని మాట్లాడుకోవాలి. నా ఆఫీసులో అయితే అలమరలో పుస్తకాలు చూసి అందరూ మాటలు మింగేస్తారు" అంది.

మా వీధిలో ఆవిణ్ణి అందరూ 'ఆగండమ్మ' అంటారు. ఎవరేం చెప్పబోయినా ముందు "ఆగండి" అంటుంది కాబట్టి. ఆ పేరు ఆవిడకీ తెలుసు. నల్లకోటు మోచేతుల దగ్గర అరిగినప్పుడల్లా మా దగ్గరే బాగుచేయించుకునేది. "ఆగండమ్మ గారూ, కేసులు వాదించేది నోటితోనా, మోచేతులతోనా?" అని వదిన మొహం మీదే అడిగేది. ఆవిడ నవ్వి డబ్బులిచ్చి వెళ్లేది.

వదిన మా ఆయనకి అక్క. పెళ్లి చేసుకోలేదు. కింద దుకాణం, పైన ఒక గది, రెండూ ఆమె కష్టార్జితం. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నాకు గుండీలు కుట్టడం నేర్పింది. కొన్నాళ్లకి కత్తెర చేతికిచ్చింది. ఆ తర్వాత మేమిద్దరం ఎదురెదురు మిషన్ల మీద తలలు వంచుకునే ఇంటి సంగతులన్నీ మాట్లాడుకున్నాం. మంచం పట్టాక ఒకరోజు, "దుకాణం నీ పేర రాసేశాను, ఇక బెంగపడకు" అంది. నాకు వేరే పని రాదు. రావాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా.

లాయరమ్మ మా కళ్లముందే కవరు చింపి వీలునామా చదివింది. నగలు తమ్ముళ్లిద్దరి భార్యలకీ సమానంగా. దుకాణం, పైగది నాకు. చివరికొచ్చి ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఈ సాక్షి సంతకం మీదేనా?" అని మా ఆయన్ని అడిగింది.

"నాదేనండి. ఒకటి ఎదురింటాయన పెట్టారు. రెండో సాక్షి కావాలంటే మళ్లీ బయటివాళ్లెందుకు, ఇంటిమనిషి కంటే నమ్మకమైన సాక్షి ఎవరుంటారని నేనే పెట్టాను" అన్నాడు ఆయన, కాస్త గర్వంగానే.

లాయరమ్మ వీలునామా బల్ల మీద పెట్టింది. తర్వాత నావైపు తిరిగింది.

"అమ్మా, ఇక్కడ కుట్టిన బట్టని సరిచూసేది ఎవరు?"

"కుట్టినవాళ్లు కాకుండా ఇంకొకరండి. వదిన పెట్టిన నియమం. కుట్టినవాళ్ల కంటికి వంకర కనబడదనేది."

"మీకు వర్తించే వారసత్వ చట్టం కూడా అదే అంటుంది. ఆస్తి ఎవరికి రాశారో వాళ్లు గానీ, వాళ్ల భర్తో భార్యో గానీ సాక్షిగా ఉండకూడదు. ఉంటే వాళ్లకి రాసింది చెల్లదు. మిగతా వీలునామా అంతా బాగానే ఉంది. మీకు రాసింది మాత్రం చెల్లదు. దుకాణం, గది, నగల్లో మీ సగం తోడబుట్టిన ఇద్దరికీ చెరిసగం పోతాయి."

మా ఆయన తన కుడిచేతిని బల్ల కిందకి దాచుకున్నాడు.

"బాగుంది మరిదిగారూ. పెళ్లాం నోటిదాకా వచ్చిన ముద్ద మీరే లాక్కున్నారన్నమాట" అంది తోడికోడలు. ఎవరూ నవ్వలేదు.

"ఆవిడ ఈ కవరు అతికించి తెచ్చి నాకిచ్చినప్పుడు, ఒకసారి విప్పి చూపించమని నేను అడగాల్సింది. అడగలేదు. ఆ పొరపాటు నాది" అంది లాయరమ్మ. నెపం పోయినావిడ మీదకి నెట్టేసినా మాలో ఎవరికీ తెలిసేది కాదు.

అప్పుడు బావగారు లేచి నిలబడ్డారు. ఆయన గడియారాలు బాగుచేస్తారు. బజారులో ఒక పెద్ద భవనం మెట్ల కింద ఇంత చోటు అద్దెకి తీసుకుని, పట్టపగలు కూడా దీపం పెట్టుకుని కూర్చుంటారు.

"దీనికింత చర్చ ఎందుకండి? అక్క మనసులో ఏముందో అందరికీ తెలుసు. నా సగం ఈ అమ్మాయికి వదిలేస్తున్నాను. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. బల్ల మీది కలం తీసి ఆయన వైపు జరిపాను కూడా.

"ఆగండి" అంది లాయరమ్మ. కలానికి మూత పెట్టేసింది.

"మొహమాటం మీద మనకో సామెత ఉంది. ఇంతమందిలో పూర్తిగా చెప్పలేను."

"వద్దులెండి, తెలుసు" అంది తోడికోడలు. ఈసారి అందరం నవ్వాం.

"నేను మీ అక్కగారి తరపు మనిషిని, మీ తరపు కాదు. మీరు వేరే లాయరు దగ్గరికి వెళ్లండి. ఏం వదులుకుంటున్నారో ఆయన చేత చెప్పించుకోండి. ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. వచ్చేవారం కూడా ఇదే మాటంటే కాగితం నేనే రాస్తాను."

"మాట తప్పే మనిషిలా కనబడుతున్నానా?"

"తప్పని మనిషిలా కనబడుతున్నారు. నా భయం అందుకే."

వాళ్లిద్దరూ వెళ్లగానే నేను ఉండబట్టలేకపోయాను. "చేతికందింది కదండీ, ఎందుకు ఆపారు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఆయన సంతకం పెడతానన్నప్పుడు మీ తోడికోడలి మొహం చూశారా?"

"లేదు."

"నేను చూశాను" అంది. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ వారం నేను చేసిన పనులన్నీ విప్పి మళ్లీ చేయాల్సినవే. ఎవరిదో కోటుకి ఎడమచెయ్యి తీసుకెళ్లి కుడివైపు కుట్టాను. మా ఆయన దుకాణంలోకి రావడమే మానేశాడు. "ఇకనుంచి కిరాణా చీటీ మీద కూడా సంతకం పెట్టను" అన్నాడు ఒకసారి, నన్ను నవ్వించాలని. నేను నవ్వకపోయేసరికి చీపురు తీసుకుని వాకిలి ఊడ్చాడు. బావగారు వెళ్లిన లాయరు, సగం వాటా ఎవరికైనా అమ్ముకోవచ్చని చెప్పాడట. ఆ కబురు తెచ్చింది కూడా మా ఆయనే. సగం దుకాణంలో ఎవరో కొత్తవాళ్లు కూర్చుంటే నా మిషను ఎటు జరుపుకోవాలా అని గోడలు చూస్తూ కూర్చున్నాను.

గడువుకి ముందురోజు బావగారూ, తోడికోడలూ చెప్పాపెట్టకుండా వచ్చారు. నన్ను పలకరించి తిన్నగా పైగదికి వెళ్లారు. నా నెత్తి మీద వాళ్ల అడుగులు అటూ ఇటూ తిరిగాయి. కిటికీ తలుపు తీసిన చప్పుడైంది. దిగొచ్చాక ముందు తోడికోడలే మాట్లాడింది.

"చూడు చెల్లీ. ఆ రోజు ఈయన సంతకం పెట్టేసి ఉంటే, ఇంటికెళ్లి జన్మంతా సాధించేదాన్ని. ఆ సాధింపు ఏదో ఒకరోజు నీ గుమ్మం దాకా వచ్చేది."

"నేనసలు ఈ మెట్టు ఎక్కడమే మానేసేవాణ్ణేమో" అన్నారు బావగారు. పైకి చూపిస్తూ, "నాకు పైగది కావాలమ్మాయ్. ఆ మెట్ల కింద చీకట్లో కళ్లు పోతున్నాయి. ఇక్కడ కిటికీ ఉంది. అడగడానికి సిగ్గేసి మొత్తం వదిలేస్తానన్నాను. కిందది అంతా, నగల్లో నీ సగంతో సహా, నీదే" అన్నారు.

ఆ కిటికీ దగ్గర ఎంబ్రాయిడరీ మిషను పెట్టాలని ఎన్నాళ్లనుంచో నా కోరిక. వదినతో కలిసి చోటు కూడా కొలిచి పెట్టుకున్నాను. "అయ్యో, తీసుకోండి బావగారూ" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. లాయరమ్మ కలానికి మూత పెట్టడం గుర్తొచ్చి ఆపుకున్నాను.

"ఆ వెలుగు నాకూ కావాలి. నల్లబట్ట మీద పనిచేస్తే కింద దుకాణంలో దారం కనబడదు" అన్నాను.

ఆయన ఆలోచించారు. "కిటికీ వెడల్పే. నల్లబట్ట ఉన్న రోజు పైకిరా. కుర్చీ మాత్రం నువ్వే తెచ్చుకో."

"మిషను?"

"అది వద్దు. దాని మోతకి నా గడియారాలు వినబడవు."

మర్నాడు లాయరమ్మ మమ్మల్ని ఒక్కొక్కరినే పైకి తీసుకెళ్లింది. తలుపు వేసి, ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగింది. తోడికోడల్ని అందరికంటే ఎక్కువసేపు కూర్చోబెట్టింది. సంతకం పెట్టాల్సిన మనిషి కాకపోయినా అడిగింది. దిగొచ్చేటప్పుడు తోడికోడలి చెంగు తడిగా ఉంది గాని మొహం తేటగా ఉంది. తర్వాత కాగితం రాసింది. అన్నదమ్ములిద్దరూ సంతకాలు చేశారు. సాక్షులుగా ఎదురింటాయన, పక్కవీధి చెప్పుల దుకాణం ఆయన వచ్చారు. ఎదురింటాయన కలానికి సిరా రాకపోతే మా ఆయన సాయానికి లేచాడు.

"మీరు ఆగండి" అంది ఆవిడ. మా ఆయన చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

వెళుతూ వెళుతూ ఆవిడ తన నల్లకోటు విప్పి నాకిచ్చింది. మళ్లీ మోచేతులే. దాన్ని పట్టుకుని కుర్చీతో సహా పైకి వెళ్లాను. బావగారు అప్పటికే కిటికీకి ఒకవైపు తన బల్ల వేసుకున్నారు. రెండో వైపు నేను కూర్చుని, పాత గుడ్డతో కలిసిపోయేలా సన్నగా కుట్టాను. అయ్యాక, ఎదుటి మిషను మీది వదినకి చాపే అలవాటుతో కోటుని ఎదురుగా చాపాను. అక్కడ బావగారున్నారు.

"నాకెందుకు?" అన్నారు.

"కుట్టింది నేను. చూడాల్సింది ఇంకొకరు."

ఆయన గడియారాల అద్దం కంటికి పెట్టుకుని కోటు మోచెయ్యి చాలాసేపు చూశారు.

"ఇక్కడ ఒక కుట్టు వంకరగా ఉంది" అన్నారు, మొహమాటం లేకుండా.

విప్పి మళ్లీ కుట్టాను.