పట్టపగటి నిద్ర

“ఊరి గోడలకి వేసే ఆ రంగేదో మన వంటింటి గోడకి వేస్తే, కనీసం జిడ్డు మరకలైనా కనపడకుండా పోయేవి కదా,” అన్నాడు భర్త, టీ కప్పు అందుకుంటూ.

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. ఆయన మాటలన్నీ అంతే. పైకి నవ్వులో ముంచి తీసినట్టు ఉంటాయి, లోపలికి దిగాక గుచ్చుకుంటాయి. ఆమె సింకు దగ్గర నిలబడి గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న నీలం రంగును పాత బ్రష్షుతో రుద్దుకుంటోంది. అది పోతే గానీ కూరగాయలు ముట్టుకోవద్దని అత్తగారి ఆజ్ఞ. రంగు పోవడం లేదు. పోవద్దనే ఆమెకూ ఉంది. ఇరవై ఏళ్ళ తర్వాత తన చేతులకు అంటిన రంగు అది.

నగరపాలక సంస్థ వాళ్ళు ఆ ఏడాది ఊళ్ళో చిత్రకారులకు గోడలిస్తామన్నారు. బస్టాండు గోడలు, ఫ్లైఓవర్ స్తంభాలు, ఆస్పత్రి ప్రహరీలు. అన్నీ పూర్తయ్యాక టౌన్‌హాల్లో ప్రదర్శన కూడా పెడతామన్నారు. అత్తగారి మందులకు వెళ్తూ బస్సు వెనక అంటించిన ఆ ప్రకటన చూసిందామె. ఇంటికొచ్చి ఓ బొమ్మ గీసి పంపింది. పంపినట్టు ఎవరికీ చెప్పలేదు. ఎంపికయ్యావని ఫోనొచ్చిన రోజు చెప్పక తప్పలేదు.

“నిన్నా?” అన్నాడు భర్త.

రెండక్షరాల్లో అంత ఆశ్చర్యం పడుతుందని ఆమెకు ఆ రోజే తెలిసింది. తర్వాత ఆయన తన అక్కకు ఫోన్ చేసి, “నీ మరదలికి కార్పొరేషన్‌లో పని దొరికిందే. గోడలకి రంగులేసే పని,” అని చెప్పి చాలాసేపు నవ్వాడు. అవతల ఆడపడుచు కూడా నవ్వింది. అంత గట్టి నవ్వు కాబట్టి వంటింట్లోకి వినిపించింది.

పెళ్ళిచూపుల్లో ఆమె తండ్రి గొప్పగా చెప్పుకున్న సంగతుల్లో ఇదొకటి. వంట వచ్చు, కుట్టు వచ్చు, బొమ్మలు కూడా వేస్తుంది. ఆ ‘కూడా’ తోకలా ఆమె వెంట ఈ ఇంటికొచ్చింది. కాలేజీలో బహుమతి వచ్చిన ఆమె బొమ్మకు ఫ్రేము కట్టించి చెప్పుల స్టాండు పైన తగిలించారు. బడిలో డ్రాయింగ్ టీచరుగా కొంతకాలం చేసింది, సుద్దముక్కతోనే. అత్తగారి తుంటి విరగ్గానే, “పిల్లలకి గీతలు నేర్పకపోతే కొంపలేం మునగవు, అమ్మకి ఎవరో ఒకరు ఉండాలి కదా,” అన్నాడు భర్త. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఎవరూ అడగలేదు. కూతురు హాస్టలుకు వెళ్ళిపోయాక ఇంట్లో ముగ్గురే మిగిలారు. పని మాత్రం తగ్గలేదు. ముగ్గురిలో పని చేసేది ఒక్కతే అయితే తగ్గడానికేముంది?

ఆమెకు దక్కింది బస్టాండు ఎదుటి పొడవాటి గోడ. దాని మీద ఒక స్త్రీని పడుకోబెట్టింది. అంతే. ఒక పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, మోకాళ్ళు కాస్త ముడుచుకుని, నీలం దుప్పటి నడుం దాకా కప్పుకుని గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నిద్రపోతున్న స్త్రీ.

ముఖం ఆమె అమ్మది.

అమ్మ పగటిపూట పడుకుని ఉండగా ఆమె చూసింది ఒక్కసారే. ఆ రోజు అమ్మను ఎవరూ లేపలేదు. నీళ్ళు కాచావా అని నాన్న అడగలేదు, నా చొక్కా ఏదని అన్నయ్య అరవలేదు. రెండు కనురెప్పలూ తనే రెండు వేళ్ళతో మూసింది. మూస్తూ, ఎంత బాగుంది అమ్మ ముఖం అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. బతికుండగా ఒక్క మధ్యాహ్నమైనా ఈ ముఖాన్ని ఇలా చూసి ఉంటే ఎంత బాగుండేది. ఆ ఒక్క మధ్యాహ్నాన్ని ఇప్పుడు అమ్మకు ఇద్దామనుకుంది, గోడంత మధ్యాహ్నాన్ని. అందుకే కనురెప్పలు వేయడానికి మిగతా బొమ్మంతటికీ పట్టినంత సమయం పట్టింది. చచ్చిపోయిన మనిషి రెప్పలూ నిద్రపోతున్న మనిషి రెప్పలూ ఒకటి కావు. నిద్రలో రెప్ప కింద కాస్త కదలిక ఉంటుంది. ఆ కదలిక కోసం ఎన్నిసార్లు చెరిపిందో, ఎన్నిసార్లు దిద్దిందో.

రోజూ తెల్లవారగానే వంట ముగించి, అత్తగారికి స్నానం చేయించి, ఆవిడ టీ వేళకు తిరిగొచ్చేలా పరుగు తీసేది. మెట్ల నిచ్చెన ఎక్కాక గానీ ఊపిరి అందేది కాదు. బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు చూసేవాళ్ళు. రాత్రి డ్యూటీ దిగి వచ్చే ఒక నర్సయితే ఓ రోజు దగ్గరికొచ్చి, “ఈవిణ్ణి చూస్తుంటే నాకు ఆవలింతలు ఆగట్లేదండీ. బస్సులో కూర్చుంటే నా స్టాపు దాటిపోయాను నిన్న,” అంది. మర్నాడు ఇంకో ఇద్దరు నర్సుల్ని వెంటబెట్టుకొచ్చింది. ముగ్గురూ గోడ ముందు నిలబడి, బొమ్మ లేస్తుందేమో అన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. అది చూసి నిచ్చెన మీద ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చే ఏడుపు ఇలా ఉంటుందా అని, మర్చిపోయిన మనిషిని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది.

ఆ వారమే కార్పొరేషన్ ఆఫీసరు వచ్చాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

“బాగుందమ్మా. చాలా బాగుంది. కానీ...” అన్నాడు. “ఏం చేస్తోందీవిడ?”

“నిద్రపోతోందండీ.”

“అది కనపడుతోందిలే. సందేశమేంటి అని. కౌన్సిలర్‌గారు అడుగుతున్నారు. పట్టపగలు ఆడమనిషి కాళ్ళు ముడుచుకుని పడుకుంటే ఊరికి ఏం చెప్పినట్టు? ఓ పని చెయ్యండి. పక్కన పాపని పెట్టండి. తల్లీబిడ్డా అంటే ఎవరూ నోరెత్తరు. లేదంటే చేతికో చీపురివ్వండి, పరిశుభ్రత కిందికొస్తుంది.”

“నిద్రపోయే మనిషి చేతిలో చీపురెందుకండీ?”

“అయితే కళ్ళు తెరిపించండి,” అన్నాడాయన, ఎంతో తేలికైన ఉపాయం దొరికినట్టు.

ఆమె కుదరదంది. గట్టిగా అనలేదు, కానీ అంది. ఆయన, “సర్లెండి, మీవారితో మాట్లాడతాను,” అని వెళ్ళిపోయాడు. గోడ ఇచ్చింది ఆమెకు. బొమ్మ వేసింది ఆమె. మాట్లాడేది మాత్రం మీవారితో.

“ఎంత మర్యాదస్తుడో ఆ ఆఫీసరు,” అన్నాడు భర్త సాయంత్రం. “సార్, మీరే కాస్త నచ్చజెప్పాలి అన్నాడు. ఏమంటావ్? కళ్ళు తెరిపిస్తే ఆస్తులేమన్నా కరిగిపోతాయా?”

“అది మా అమ్మండీ.”

“మీ అమ్మని ఈ ఊళ్ళో ఎవరు గుర్తుపడతారు?”

అత్తగారు మంచం మీద నుంచే అందుకుంది. “పగలు పడుకునే ఆడదాని ఇంట్లో దరిద్రం తిష్ఠ వేస్తుందమ్మాయ్. మా కాలంలో నడుం వాల్చడం ఎరుగుదుమా?” అని, గొంతు మారిపోయి, “ఇప్పుడు ఇరవై నాలుగ్గంటలూ పడుకునే ఉంటాను. ఒక్క కునుకు పడితే ఒట్టు,” అంది. ఆమెకు ఆవిడ మీద కోపం రాలేదు. భయమేసింది. తను కూడా ఈ మంచం దాకా ఇలాగే నడిచొచ్చి, పడుకోవడానికి సెలవు దొరికిన నాటికి నిద్ర మర్చిపోయి ఉంటుందా అని.

“నేను మార్చను,” అంది.

భర్త తన అక్కకు ఫోన్ చేశాడు. మర్నాడు ఆడపడుచు సంసారమంతా దిగింది. “నీ బొమ్మ చూడ్డానికే పిలిచాను,” అన్నాడు భర్త. వాళ్ళున్నన్నాళ్ళూ పొయ్యి ఆరలేదు. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు, మళ్ళీ టీలు, పక్కలు వేయడాలు, ఎత్తడాలు. ఇంకా కొస పనులున్నాయి, వెళ్ళొస్తానంటే, “ఇంటికి మనుషులొస్తే గోడ పట్టుకుని వేలాడతావా?” అన్నాడు. బొమ్మ చూడ్డానికి వచ్చినవాళ్ళు బొమ్మ చూడకుండానే వెళ్ళిపోయారు. ఆటో మలుపు తిరగగానే ఆమె చెప్పులు తొడుక్కుని బస్టాండుకు పరుగెత్తింది.

అమ్మ కళ్ళు తెరిచి ఉంది.

పెద్ద కళ్ళు, నల్లటి గుడ్లు, దుకాణాల బోర్డుల మీద నవ్వే ఆడవాళ్ళకు ఉండే కళ్ళు. చెంప కింద ఉండాల్సిన చెయ్యి బయటికొచ్చి చీపురు పట్టుకుంది. దుప్పటి కప్పుకుని, మోకాళ్ళు ముడుచుకుని, చీపురు చేతబట్టి కళ్ళప్పగించి చూస్తోంది. రోగంతో లేవలేని మనిషిని పనిలోకి లాగినట్టుంది. పెదవి చివర ఆమె దిద్దిన ఆ కాస్త సడలింపు మాత్రం అలాగే ఉంది, ఆ కళ్ళతో సంబంధం లేకుండా.

గోడ కింద దుకాణాల బోర్డులు రాసే మేస్త్రీ ఒకాయన బ్రష్షులు కడుక్కుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

“మీరేనా మేడం? ఆఫీసరుగారు వేయమన్నారండీ. రేపే ఓపెనింగు. చాలా కష్టమైంది తెరిపించడం. అంత గట్టిగా మూసుంచారు మీరు.”

అతని కాళ్ళ దగ్గర ఒక డబ్బా ఉంది. ఆమె ఇంటి బాల్కనీలో, తడిగుడ్డ కప్పి, ఎండ తగలకుండా దాచిన డబ్బా. అమ్మ ఒంటిరంగు. ఎన్ని రంగులు కలిపితే వచ్చిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియని రంగు.

“ఇది...”

“మీవారిచ్చారండీ. పాత రంగులో కలిసిపోవాలి కదా అని ఆయనే తెచ్చిచ్చారు.”

 ఆమె భర్తకు ఫోన్ చేసింది. “నీ పేరు పోకూడదనే చేశాను,” అన్నాడాయన, మామూలు గొంతుతో. “నువ్వు మొండికేస్తే గోడంతా ఇంకొకరికి ఇచ్చేసేవాళ్ళు. నిజానికి నువ్వు నాకు థాంక్స్ చెప్పాలి.” ఆమెకు అరవాలనిపించింది.  అరవడం కూడా చేస్తూ ఉంటేనే వస్తుంది కాబోలు. ఫోన్ పెట్టేసింది.

బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. జనం గోడను చూసి చూడనట్టు దాటిపోతున్నారు. ఎవరూ గొంతు తగ్గించడం లేదు.

“మళ్ళీ మూయొచ్చా ఆ కళ్ళు?” అని అడిగింది మేస్త్రీని.

“మూయొచ్చు మేడం. పొద్దున్నే వచ్చి మళ్ళీ తెరిపిస్తారు.” అతను తలొంచుకున్నాడు. “నాక్కాకపోతే ఇంకొకడికి చెప్తారు.”

నిజమే. ఈసారి మూస్తే రేపు, రేపు మూస్తే ఎల్లుండి. అమ్మను ఇక ఎవరూ పడుకోనివ్వరు. తనను పిలిచినట్టే పిలుస్తూ ఉంటారు, ఒకరు కాకపోతే ఒకరు, గోడ ఉన్నంతకాలం.  గోడకు చెయ్యి ఆనించింది. ఎండకు కాగి గోరువెచ్చగా ఉంది గోడ.

“తెల్లరంగుందా?” అంది.

“ఉందండీ. పెద్ద డబ్బా.”

“నిచ్చెన పట్టుకోండి.”

అమ్మ కళ్ళు మూయడానికి ఆ రోజు రెండు వేళ్ళు సరిపోయాయి. ఇవాళ రోలరు కావలసి వచ్చింది. ముందు కళ్ళు. తర్వాత చీపురు. అక్కడితో ఆగుతుందేమోనని మేస్త్రీ చూశాడు. ఆమె ఆగలేదు. నుదురు, జుట్టు, తను వారాల తరబడి దిద్దిన పెదవి చివర. అక్కడ మాత్రం చెయ్యి కాసేపు ఆడలేదు. ఇరవై ఏళ్ళలో తను చేసినవాటిలో తినేసి కడిగేయకుండా మిగిలింది ఇదొక్కటే. ఈ ఊరు తనకు మళ్ళీ గోడ ఇవ్వదు. టౌన్‌హాల్లో ప్రదర్శనా లేదు. అన్నీ తెలుసు. తెలిసే రోలరు ముంచింది. నీలం దుప్పటి ఒక పూతకు లొంగలేదు, రెండోసారి వేయాల్సి వచ్చింది. చివరికి కింద మూలన తన పేరు మిగిలితే దాని మీదా ఒక్క చుట్టు తిప్పింది. బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు అడ్డుపడలేదు. ఇంటి గోడకైనా ఊరి గోడకైనా సున్నం వేసే ఆడమనిషిని ఎవరు ఆపుతారు?

కిందికి దిగేసరికి భుజాలు రాళ్ళయ్యాయి. అత్తగారి టీ వేళ దాటిపోయింది. ఆమె ఇంటికి వెళ్ళే బస్సు వచ్చి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో తనకే తెలియనట్టు, అది వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది.

ఫోన్ మోగింది.

“ఆఫీసరు ఫోన్ చేశాడు. గోడ ఖాళీగా ఉందంటున్నాడు.” భర్త గొంతులో ఈసారి నవ్వు లేదు. “ఏదీ? గోడ మీద ఆవిడేదీ?”

“లేచిపోయిందండీ,” అంది ఆమె.

 అవతల స్పీకర్లో అంతా విన్న అత్తగారి గొంతు ఆదుర్దాగా వినిపించింది. “ఎవర్రా లేచిపోయింది? ఎవరితో?”

ఇంకో బస్సు వచ్చి ఆగింది. అది ఎక్కడికెళ్తుందో ఆమె చదవలేదు. మెట్టు మీద కాలు పెట్టింది.

“ఎవరితోనూ కాదత్తయ్యా,” అంది. “ఒక్కతే.”