మీటరు చూడని బట్ట

మీటరు చెప్పిందే మాట అన్నాడు షెడ్డు సావుకారు రామచంద్రయ్య. ఆదినారాయణ కడుపు మండింది అందుకే. పొద్దుటినుంచి తాను నేసిన బట్ట ఎదురుగా మగ్గం దోనె కర్రకు చుట్టుకుని ఉండగా, సావుకారు దాన్ని చూడకుండా ఎర్ర అంకెల పెట్టెనే చూస్తున్నాడు.

సాయంత్రం నాలుగు దాటినా ధర్మవరంలోని ఆ రేకుల షెడ్డు కాగుతూనే ఉంది. పొద్దున ఆరింటికి రెండు మరమగ్గాల మధ్య నిలబడ్డ ఆదినారాయణ మధ్యాహ్నం సంగటి కూడా నిలబడే తిన్నాడు. యాభై దాటిన మోకాళ్లు ఊరుకోవడం లేదు.

ఆ మీటరు పెట్టెలు వచ్చి ఆర్నెల్లయింది. హిందూపురం మెకానిక్ మహేష్ వాటిని బిగించి అందరికీ చెప్పాడు. ప్రీసెట్ అంటే ముందే పెట్టిన అంకె, అది నిండితే మగ్గం ఆగుతుంది. రీసెట్ నొక్కితే మళ్లీ సున్నా. సెన్సార్ అంటే మగ్గం తిరుగుడును లెక్కపెట్టే కన్ను. నడుం నొప్పికి మాత్రం అందులో ఏ మీటా లేదు.

నిన్న ఆయుధపూజ. సావుకారి భార్య కన్యకమ్మ మగ్గాలకు గంధం, కుంకుమ దిట్టంగా పెట్టింది. ఆదినారాయణ మగ్గాలకు అది సెన్సార్ కళ్ల మీదే నేరుగా పడింది. ఈ పొద్దున అంకె కదలకపోతే అతను తుడవబోయాడు.

“పూజ బొట్టు చెరుపుతారాప్పా? దానంతట అది రాలనీ” అంది ఆమె. ఆ షెడ్డులో ఎప్పుడూ అదే ఆచారం. బట్ట ఎక్కడికీ పోదు కదా అని అతను నేశాడు.

“ఏమప్పా, రెండూ సున్నా చూపిస్తాండాయి. పొద్దంతా పండుకున్యావా?” అన్నాడు రామచంద్రయ్య.

“బట్ట ఈడే ఉండాది, సూడండి సావుకారీ.”

పక్క మగ్గం రిపేరుకు వచ్చిన మహేష్ జేబురుమాలుతో సెన్సార్ కన్ను తుడిచాడు. మగ్గం తిప్పితే అంకె కదిలింది. “ఏం చెడిపోలేదు సార్, మూసుకున్యాది అంతే. ఈపొద్దుటిది టేపుతో కొలుచుకోండి.”

“టేపుతో కొలిచేదానికయితే ఇంత దుడ్లు పోసి దీన్నెందుకు పెట్టిస్తిని? మీటరుకు పడినదానికే కూలి అని ముందే చెప్తిని గదా!”

టేపు ఒకసారి షెడ్డులోకి వస్తే అన్ని మగ్గాలవాళ్లూ కొలవమంటారు. మీటరు టేపు కన్నా ఎంత తక్కువ చూపుతోందో అప్పుడు బయటపడుతుంది. రామచంద్రయ్య భయం అది.

షెడ్డుకు ఆనుకున్న ఇంటి గుమ్మంలోంచి కన్యకమ్మ మెల్లగా అంది: “నేనే చెరపొద్దంటినండీ.”

“నువ్వు లోపలికి పో.”

ఆమె ఆదినారాయణ ముఖం చూడకుండా వెళ్లిపోయింది.

“సరేలేప్పా, అయింది అయిపాయ. చీరలు కోసి మడత పెట్టు. రేపట్నించి జాగ్రత్తగా ఉండు” అన్నాడు రామచంద్రయ్య.

ఆదినారాయణ కత్తెర అందుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ చెయ్యి ఎన్ని చీరలు కోసిందో. ఈసారి కత్తెర దారాల దాకా వెళ్లి ఆగింది.

“సున్నా నేసినోడు ఏం కొయ్యాల సావుకారీ?”

“ఏమంటివి?”

“నేసిన్యానంటే కొలిచి కూలియ్యి, కోస్తా. నెయ్యలేదంటే ఈడ కోసేదానికి ఏముండాది? నేను కొయ్యను.”

కత్తెరను మగ్గం మీద పెట్టేశాడు. షెడ్డులో ఒక్కో మగ్గమే ఆగుతోంది. ఎవరు ఆపుతున్నారో అతను తలెత్తి చూడలేదు.

“కొయ్యకపోతే రేపు రావద్దు!” అని అరిచి, రామచంద్రయ్య పక్క మగ్గం మీద నేసే భాగ్య వైపు తిరిగాడు. “నువ్వు రామ్మా, కొయ్యి.”

భాగ్య కొంగు బొడ్లో దోపుకుంది. రెండడుగులు వేసి కత్తెర దగ్గర నిలబడింది. చెయ్యి మాత్రం చాపలేదు.

“ఏమ్మా, నీకు కూడా వినపడదా?”

ఆమె జవాబు చెప్పేలోగానే ఆదినారాయణ చెప్పులు తొడుక్కుని గేటు దాటాడు. రెండు మగ్గాల పని పోయింది. ఆనాడు నేసింది పన్నెండున్నర మీటర్లు, మీటరుకు ఎనభై. ఆ లెక్కన చేతికి రాని కూలి సరిగ్గా వెయ్యి రూపాయలు.