ఏడు వారాల సున్నాలు

పిచిక అని ఆ పిల్లకు పేరు పెట్టింది వాళ్ళ అమ్మే. తిన్నదంతా ఎక్కడికి పోతుందో తెలియదు, పదమూడేళ్ళొచ్చినా గట్టిగా గాలి వేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. చూపు మాత్రం మామూలు చూపు కాదు. సైన్సు టీచరు తరగతిలో భూతద్దాలు పంచిన రోజున, చెక్కపట్టీ మీద దోమ గుడ్లు ముప్పై ఒకటని అందరికంటే ముందు లెక్క తేల్చింది ఆ పిల్లే. టీచరు రెండుసార్లు లెక్కపెడితే ఇరవై తొమ్మిదే వచ్చాయి. మూడోసారికి ముప్పై ఒకటీ వచ్చాయి. టీచరు నవ్వి ఊరుకుంది.

ఆ ముప్పై ఒకటీ పిచిక వాళ్ళింటి గుడ్లే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఏడాది బడిలో ప్రాజెక్టు అది. ప్రతివాళ్ళూ ఇంటి వెనక నీడపట్టున ఒక నల్ల డబ్బా పెట్టాలి. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళు అందులో సగందాకా పోయాలి. ఆ వాసనకు దోమలు వచ్చి, డబ్బాలో నిలబెట్టిన చెక్కపట్టీ మీద గుడ్లు పెడతాయి. ఆదివారం పట్టీ తీసి ఆరబెట్టి, కాగితంలో చుట్టి, సోమవారం బడికి తేవాలి. నీళ్ళేమో ఎండలో పొడినేల మీద పారబోసి, డబ్బాను మరిగే నీళ్ళతో కడిగి, మళ్ళీ కొత్తనీళ్ళు పోయాలి. ఈ చివరి ముక్క టీచరు నెత్తీ నోరూ కొట్టుకుని మరీ చెప్పింది. పారబోయకపోతే మీరు దోమల్ని లెక్కపెట్టడం లేదర్రా, పెంచుతున్నారు అని.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆ మహాతల్లి ఏం చేసిందయ్యా అంటే, బడిగేటు పక్కన ఊరందరికీ కనిపించేలా పెద్ద చార్టు తగిలించి, గుడ్లు వచ్చిన ఇంటికి ఎర్రచుక్క, రాని ఇంటికి ఆకుపచ్చ నక్షత్రం అంటించింది. పిల్లలకు హుషారుగా ఉంటుందని అట. దోమలెక్కడున్నాయో వెతకమని పంపి, దొరకలేదన్నవాళ్ళకు మెచ్చుకోలు పంచితే ఎవరికైనా ఏం దొరుకుతాయి?

మొదటి వారమే పిచిక ఇంటి పక్కన ఎర్రచుక్క పడింది.

పిచిక తండ్రి లారీ డ్రైవరు, నెలకు రెండుసార్లు ఇంట్లో కనిపిస్తే గొప్ప. తల్లి ఉద్యోగాలకు పోయే ఆడవాళ్ళ పసిపిల్లల్ని ఇంట్లో చూసుకుంటుంది. పొద్దున ఏడింటికి తలుపు తీస్తే సాయంత్రం ఆరుదాకా ముందుగది నిండా ఉయ్యాలలు, పాలసీసాలు, ఆరేసిన లంగోటీలు. ఆ గదిలో నేల మీద పడిన మెతుకు కూడా ఏరుకుని తినొచ్చు, అంత శుభ్రం. అలాంటి మనిషిని పట్టుకుని, ఎర్రచుక్క పడ్డ మర్నాడే కవలపిల్లల తల్లి గుమ్మంలోనే నిలబడి, మీ ఇంట్లో దోమలున్నాయటగా అని అడిగేసింది. ఆ వారం నుంచి కవలలు రావడం మానేశారు. పిచిక తల్లికి తల కొట్టేసినట్టయింది. ఇక మిగిలింది నలుగురు.

రెండో వారం నుంచి పిచిక ఇంటి పట్టీ మీద ఒక్క గుడ్డూ లేదు. మూడో వారం లేదు. అలా ఏడు వారాలు, ఏడు సున్నాలు, ఏడు ఆకుపచ్చ నక్షత్రాలు. మొదట్లో పిచికకు ఆశ్చర్యమేసింది, తర్వాత అలవాటైపోయింది. ఆదివారం తను నిద్రలేచేసరికే తల్లి డబ్బా కడిగేసి, పట్టీ ఆరబెట్టి, కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టేది. నా తల్లి ఎంత సాయం చేస్తోందో అని పొంగిపోయింది ఆ వెర్రిది.

తొమ్మిదో ఆదివారం తల్లికి ఇంటిపనంతా ఆలస్యమైంది, పిచిక లేచి తొమ్మిదిన్నర అయినా డబ్బా కడగలేదు. తల్లి ఇంకా స్నానానికి నీళ్ళు పెట్టుకుంటోంది. సరే ఇవాళ నేనే చేసేద్దామని పెరట్లోకి వెళ్ళి, డబ్బాలోంచి పట్టీ తీసి, భూతద్దం పెట్టింది.

నీళ్ళు తగిలే గీత వెంబడి పట్టీ అంతా నల్లటి నలుసులు. పిచికకు ఆనందం పట్టలేక అరిచినంత పనైంది. నలభై, యాభై, డెబ్భై. ఎనభై నాలుగు దగ్గర ఉండగా వెనకనుంచి తల్లి చెయ్యి వచ్చి పట్టీ లాక్కుంది. తల్లి రెండోచేతిలో పాత పళ్ళబ్రష్షు ఉంది.

ఇక దాచడానికేముంది? తల్లి అంతా ఒప్పేసుకుంది. వారం వారం తనే గీకేశానంది. నువ్వు నీ లెక్కలు చూసుకుంటావు, నేను నలుగురి పిల్లల్ని చూసుకోవాలి, ఇంకో ఎర్రచుక్క పడితే ఈ గుమ్మం తొక్కేవాళ్ళుండరు అని, తప్పు చేసినవాళ్ళు ఎప్పుడూ చేసే పనే చేసింది, ఎదురు కోప్పడింది. పిచికకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎనిమిది వారాల ప్రాజెక్టులో ఏడు వారాలు అబద్ధం. టీచరుకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అప్పటికి ఆ పిల్ల బాధంతా ప్రాజెక్టు గురించే. కళ్ళు తుడుచుకుంటూ, మాటవరసకు ఒకటి అడిగింది.

“గీకేసిన నీళ్ళు ఎక్కడ పోశావు?”

“పారేస్తామా ఏంటి, గడ్డి నానిన నీళ్ళు మొక్కలకి ఎంత బలం. మనీప్లాంటు సీసాల్లో పోశా.”

పిచిక కళ్ళు తుడుచుకోవడం ఆపేసింది.

మనీప్లాంటు సీసాలు ఆరు. ఆరూ ముందుగదిలో కిటికీ గట్టు మీద ఉన్నాయి. పిల్లలకు కళ్ళకింపుగా పచ్చగా ఉంటుందని తల్లి అక్కడ వరసగా పెట్టింది. ఈ రెండు నెలల్లో ఆకులు అరచేయంత అయ్యాయని వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేది. పిచిక పరిగెత్తుకెళ్ళి మొదటి సీసా ఎత్తి వెలుతురుకి పట్టింది. వేళ్ళ మధ్య సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కిందికి దిగిపోయాయి. రెండో సీసాలో తల బరువై వంగిన ప్యూపాలు, ఇవాళో రేపో రెక్కలొచ్చి ఎగిరేవి. మూడో సీసా, నాలుగో సీసా, అన్నీ అంతే. ఆ సీసాల కిందనే, గోడవారగా, నాలుగు ఉయ్యాలలు.

మూడో ఉయ్యాల గుమ్మడిది. మందుల షాపులో పనిచేసే ఆవిడ కొడుకు వాడు. ఎనిమిది నెలలకే ఎత్తుకుంటే చెయ్యి లాగేసేంత బొద్దుగా ఉంటాడని పిచిక తల్లే ముద్దుగా అలా పిలిచింది. బుధవారం నుంచి వాడికి జ్వరం. డాక్టరు దోమలేమైనా ఉన్నాయా అని అడిగితే, ఆవిడ గర్వంగా, మావాడు పగలంతా ఉండే ఇంటికి ఏడు ఆకుపచ్చ నక్షత్రాలు అండీ అందట. అయితే పడిసెం జ్వరమే, రెండుమూడు రోజులు చూద్దామన్నాడట ఆయన. ఈ మాట ఆవిడ శుక్రవారం ఫోనులో చెబితే తల్లీకూతుళ్ళిద్దరూ విని సంతోషించారు కూడా.

ఇదంతా పిచిక బుర్రలో గిర్రున తిరుగుతుండగానే ఫోను మోగింది. ఆవిడే. తల్లి ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది.

“అక్కా, జ్వరం దిగిపోయిందక్కా. పదకొండు గంటల బస్సుకి అమ్మావాళ్ళింటికి పోతున్నాం, నాలుగు రోజులు పిల్లాణ్ణి పంపను. పొద్దుట్నుంచీ లేవకుండా పడుకునే ఉన్నాడు, పాలు కూడా తాగలేదు. ఒళ్ళు చల్లగా ఉంది, హమ్మయ్య అనిపించింది.”

తల్లి క్షేమంగా వెళ్ళి రమ్మని చెప్పి ఫోను పెట్టేసింది. గడియారం పది అయిదు చూపిస్తోంది.

ప్రాజెక్టు మొదలైన వారంలో ఒక నర్సు బడికొచ్చి గంటసేపు మాట్లాడింది. పిల్లల్లో సగంమంది నిద్రపోయారు, పిచిక మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. దోమకాటు జ్వరంలో జ్వరం ఉన్న రోజులకంటే దిగిన రోజే ఎక్కువ భయపడాలి అంది ఆ నర్సు. మత్తుగా పడి ఉన్నా, పాలు తాగకపోయినా, కాళ్ళూచేతులూ చల్లబడినా ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాలి అంది. గుమ్మడి వాళ్ళమ్మ వెళ్ళే ఊరికి ఆరుగంటల ప్రయాణం. దారిలో ఆసుపత్రి కాదుగదా, మంచినీళ్ళు దొరికితే గొప్ప.

పిచిక అదంతా గడగడా చెప్పేసి ఫోను అందుకోబోయింది. తల్లి ఫోను గుప్పిట్లో బిగించింది. ఆ మనిషి చెడ్డదని మాత్రం అనుకోకండి. భయం పట్టుకుంది, అంతే. జ్వరం దిగిందని వాడి కన్నతల్లే చెబుతుంటే మళ్ళీ కెలకడం ఎందుకంది. ఏ దోమ కుట్టిందో నువ్వు చూశావా, ఊళ్ళో దోమలే లేవా అంది. గొంతు తగ్గించి చివరికి అసలు సంగతి చెప్పింది.

“నువ్వు నోరు విప్పావంటే రేపట్నుంచి ఈ గదిలో ఒక్క పిల్లాడు పడుకోడే. మనం ఏం తిని బతుకుతాం?”

పిచిక వాదించలేదు. వాదనలో అమ్మను గెలవడం తండ్రివల్లే కాలేదు. రెండో సీసా తెచ్చి తల్లి ఎదురుగా పెట్టి, భూతద్దం చేతికిచ్చింది. తల్లి మొహం తిప్పుకుంది. పిచిక కదల్లేదు. తల్లి ఇక తప్పక వంగి చూసింది. ఈ రెండు నెలల్లో ఆ నీళ్ళలోకి ఆవిడ కళ్ళు పెట్టి చూడటం అదే మొదటిసారి. ఆకులే చూసింది తప్ప వేళ్ళ జోలికి పోలేదు. ఆవిడ చూస్తుండగానే నీటి మీద ఒక ప్యూపా వీపు చిట్లి, సన్నటి కాళ్ళతో దోమ ఒకటి పైకి లేచి నిలబడింది. కాళ్ళ మీద తెల్లటి చారలు. అది కాసేపు రెక్కలారబెట్టుకుని, సీసా మూతి మీదుగా ఎగిరి, మూడో ఉయ్యాల గుడ్డ మీద వాలింది.

తల్లి చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. పది ఇరవై అయింది.

“చెప్పులేసుకో,” అంది.

ఆదివారం కదా, సందు చివర ఒక్క ఆటో లేదు. ఇద్దరూ పెద్దరోడ్డుదాకా పరిగెత్తారు. దొరికిన ఆటోవాడు బేరమాడబోతే తల్లి సరేనని ఎక్కి కూర్చుంది. రైలుగేటు దగ్గర గేటు పడింది. గూడ్సుబండి, ఒక పట్టాన తెమలదు. పిచిక పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభై దాటాక తన లెక్కల మీద తనకే అసహ్యమేసి మానేసింది. పక్కన తల్లి కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. పదకొండుకి రెండు నిమిషాలుండగా బస్టాండులో దిగారు.

బస్సు కదలడానికి సిద్ధంగా గురగురలాడుతోంది. మూడో కిటికీ దగ్గర మందుల షాపు ఆవిడ, ఒళ్ళో దుప్పట్లో గుమ్మడి. వాడి తల ఆవిడ మోచేతి మీంచి వేలాడిపోతోంది. ఎప్పుడూ పిచిక కనిపిస్తే కాళ్ళు తన్నుకుంటూ కేకలేసేవాడు, ఇవాళ కళ్ళు సగం తెరిచి ఎటో చూస్తున్నాడు. పిచిక కిటికీ ఊచలు పట్టుకుని, ఆంటీ అని నోరు తెరిచింది. తల్లి ఆ పిల్ల భుజం పట్టి వెనక్కి లాగింది.

“నువ్వు కాదు. నేను చెప్పాలి.”

చెప్పింది. బస్సులో అందరూ వింటుండగా, రొప్పుతూ, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

“దిగమ్మా. నీ పిల్లాడు పడుకునే గదిలో దోమలున్నాయి. ఆ సీసాల్లో వాటిని పెంచింది నేనే. అది తెలియక చేశాను. పట్టీ మీద గుడ్లు గీకేసింది మాత్రం తెలిసే చేశాను. జ్వరం దిగిందని నమ్మకు, వాడి కాళ్ళు చూడు, ముందు ఆసుపత్రికి పద.”

ఆవిడ కొడుకు కాళ్ళు పట్టుకుని చూసింది. మందుల మధ్య బతికే మనిషి, రెండోసారి చెప్పించుకోలేదు. సంచి బస్సులోనే వదిలేసి దిగిపోయింది. పిచిక తల్లి చేతులు చాచింది. ఆవిడ పిల్లాణ్ణి ఇవ్వలేదు.

ఆసుపత్రిలో రక్తం తీసి చూసి, వాణ్ణి ఎత్తుకుని లోపలికి పరిగెత్తారు. నరం దొరక్క నాలుగుచోట్ల పొడిచారు. రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. ఆ రెండు రోజులూ పిచిక తల్లి వరండాలో నేల మీద కూర్చునే ఉంది. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. మూడోరోజు పొద్దున గుమ్మడి గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు వరండాదాకా వినిపించాకే ఆవిడ లేచి ఇంటికొచ్చింది.

సోమవారమే పిచిక టీచరుకి జరిగిందంతా చెప్పేసింది. టీచరు గేటు దగ్గరికి నడిచి, నక్షత్రాల చార్టు తనే ఊడదీసి మడిచేసింది. ఆ వారం పిల్లలందరి పట్టీలూ కడగకుండా తెప్పించి చూస్తే, ఆ వీధిలో గుడ్లు లేని ఇళ్ళు రెండే. అమ్మలందరూ ఒక్కలాంటివాళ్ళే మరి. మందు కొట్టేవాళ్ళు వచ్చారు, తొట్లు బోర్లించారు, పిచిక ఇంటి సీసాలు ఆరూ మరిగే నీళ్ళలో ముంచారు.

ఏడింటికి తల్లి ఎప్పటిలాగే తలుపు తీసేది. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఉయ్యాలలు దులిపి, ఉతికిన గుడ్డలే మళ్ళీ ఉతికి, సాయంత్రం ఆరింటికి తలుపు వేసేది. పిచికను ఒక్క మాట అనలేదు. ఏదైనా అంటే బాగుండునని పిచికకు అనిపించేది.

పన్నెండో రోజున మందుల షాపు ఆవిడ వచ్చింది. చంకలో గుమ్మడి, సగమయ్యాడు పాపం. ఆవిడ లోపలికి రాలేదు, కూర్చోలేదు. వాడి పాలసీసాలూ బట్టలూ ఇక్కడ ఉండిపోయాయి, తీసుకుపోదామని వచ్చానంది. తల్లి తల వంచుకుని అన్నీ సర్దింది. చిన్న స్వెట్టరు, రెండు టోపీలు, గిలక. సంచి అందిస్తుంటే గుమ్మడి పిచిక తల్లిని చూశాడు. చూసి, నోరంతా తెరిచి నవ్వి, వాళ్ళమ్మ చంకలోంచి ముందుకు ఉరికి రెండు చేతులూ చాచాడు.

పిచిక తల్లి చేతులు ముందుకు రాబోయి ఆగిపోయాయి. వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది.

వాడు ఊరుకోలేదు. ఏడుపు లంకించుకుని ఆవిడ కొంగు పట్టుకున్నాడు. వాళ్ళమ్మ ఆ వేళ్ళు విడదీయబోయింది, వాడు వదల్లేదు. ఆవిడ గుమ్మం వంకా, కిటికీ గట్టు వంకా, పిచిక వంకా చూసింది. కళ్ళు నిండిపోయాయి.

“ఒక్క నిమిషం,” అంది, “ఒక్క నిమిషమే ఎత్తుకో అక్కా.”

పిచిక తల్లి వాణ్ణి ఎత్తుకుంది. ఏడుపు ఆగిపోయింది. నిమిషం అయ్యాక తనే తిరిగి ఇచ్చేసింది.