గుండు మునిగేంత మందు

నేను ఒక తుపాకిని. తూటా వేసి టపీమని కాల్చే రకం కాదు. మూతిలోంచి మందు పోసి, దాని మీద సీసపు గుండు వేసి, కడ్డీతో దట్టించి, వెనక నిప్పు పుట్టించే రాగి టోపీ పెట్టి, అప్పుడు మీట నొక్కాలి. ఒక్క దెబ్బకి ఇంత తతంగం. అన్నీ సరిగ్గా చేసినా గుండు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి అంటారు నన్ను వాడేవాళ్లు. దేవుడి సంగతి నాకు తెలియదు. గుండు ఎటు పోతుందో మాత్రం మీట నొక్కకముందే నాకు తెలుస్తుంది.

పట్నంలో ఓ చిన్న కార్ఖానాలో పుట్టాను. ఓ ముసలి మిస్త్రీ నా గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి, ఒక కన్ను మూసి చూసి, "బాగానే ఉంది" అన్నాడు. నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. తర్వాత ఏజెన్సీ కొండల్లో ఉండే వంతల బొంజన్న పంట కాపలా లైసెన్సు మీద నన్ను కొనుక్కుపోయాడు.

బొంజన్న పాతికేళ్లు నన్ను భుజాన మోశాడు. అరచేతి గుంటలో గుండు పెట్టుకుని, అది మునిగేదాకా మందు పోసేవాడు. ఆ కొండల్లో అందరిదీ అదే కొలత. ఓ వానాకాలం అతనికి జ్వరం తగిలింది. మంచం దిగలేదు. నేను దూలం మీద ఉన్నాను, అందరూ ఏడుస్తున్నారు. నాకేమీ అనిపించలేదు. అబద్ధం చెప్పడం ఎందుకు?

లైసెన్సు అతని భార్య సుకురి పేరుకు మారింది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, కొండవాలులో ఎకరం మొక్కజొన్న. ఏడాది తిండి ఆ ఎకరమే. కాపలా లేక ఆ ఏడు సగం పంట అడవిపందుల పాలైంది. మరుసటి ఏడు కూడా పోతే పిల్లలతో కొండ దిగి ఇటుక బట్టీకి పోవాల్సిందే. పోయినవాళ్లు ఎలా తిరిగొస్తారో ఆమె చూసింది. అందుకే విత్తనం వేసిన వారమే నన్ను దూలం మీంచి దించింది.

యాభై అడుగుల దూరంలో ఎండు సొరకాయ వేలాడదీసింది. మొగుడు చేసినట్టే అరచేతిలో గుండు పెట్టి, మునిగేదాకా మందు పోసి కాల్చింది. గుండు సొరకాయ దాకా పోలేదు, మట్టిలో దిగబడింది. రెండోదీ అంతే. మూడోసారి మసి పేరుకుని గుండు నా గొంతులోనే ఇరుక్కుంది.

"దీనికి దెయ్యం పట్టినాది మావా! ఆయన సేతిలో బాగానే పేలీది" అంది, తన చినమామ సింగన్నతో.

గురి తప్పితే తుపాకిని తిట్టడం మనుషుల్లో మామూలే. నేను పట్టించుకోలేదు. సింగన్న ఒకప్పుడు పేరున్న వేటగాడు. ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాలు. అతను ఆమె చెయ్యి పట్టుకుని వేళ్లతో తడిమి చూసి నవ్వాడు.

"మావోడి సెయ్యి సేటంత ఉండీది కదే! అందులో గుండు ములగాలంటే ఎంత మందు కావాల? నీది పిల్లల సెయ్యి. సిటికెడు పోసీసరికే ములిగిపోతాది. నీ కొలత నువ్వు కట్టుకోవాల."

ఆ కొండల్లో ఎవరికీ తట్టని ముక్క అది. సుకురి సన్నటి వెదురు గొట్టం కోసింది. చిటికెడు చిటికెడు పెంచుతూ కాల్చి, గుండు సొరకాయ ఎత్తుకు చేరిన చోట గొట్టానికి గాటు పెట్టింది. ఇక అదే కొలత, ఎక్కువా లేదు తక్కువా లేదు. ప్రతి దెబ్బ తర్వాతా తడిగుడ్డ, ఆ తర్వాత పొడిగుడ్డ నా గొంతులో తిప్పేది. గుండు వదులుగా దొర్లకుండా పాత చీర ముక్కకి ఆముదం రాసి చుట్టేది. కడ్డీ ఎంత లోతుకు దిగాలో దాని మీదా ఓ గాటు. అయినా సగం దెబ్బలు పక్కకే పోయేవి. టోపీ చిటపటమనగానే కళ్లు మూసి తల ఎగరేసేది మరి!

దానికీ సింగన్నే మందు కనిపెట్టాడు. తనే తడుముకుంటూ నన్ను నింపి ఆమెకు ఇచ్చేవాడు. కొన్నిసార్లు మందు పోసేవాడు, కొన్నిసార్లు ఒట్టి టోపీయే పెట్టేవాడు. ఎప్పుడు ఏదో చెప్పేవాడు కాదు. ఒట్టి టోపీ పేలినప్పుడు నా మూతి ఎంత ఎగిరిపడుతోందో ఆమెకే కనిపించేది. సిగ్గుపడేది.

"నాకు కళ్లు నేవు గానీ సెవులున్నాయి. నీ ఊపిరి ఆగనేదు. ఆపు, నొక్కు, పేలినాక కూడా అలగే సూస్తా ఉండు" అనేవాడు.

పన్నెండో రోజున అయిదు గుండ్లు కొడితే అయిదూ ఒక్క జానెడు మేరలో పడ్డాయి. సుకురి పెద్దగా నవ్వింది. బొంజన్న పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదటిసారట. సింగన్న అన్నాడు. నేను పేలాను, అంతే.

కంకుల్లో పాలు పడే వేళకు తలయారి కబురు తెచ్చాడు. ఎన్నికలొస్తున్నాయి, లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. సుకురి పొద్దున్నే నన్ను భుజాన వేసుకుని కొండ దిగింది.

"పందులు ఓట్లయ్యీదాక ఆగుతాయా బాబూ?" అని అడిగింది కానిస్టేబుల్ని.

అతను మంచివాడే. "నా సేతుల్లో ఏటుందమ్మా, పైనుంచి ఆర్డరు. లెక్కింపయ్యాక ఈ చీటీ తెచ్చి పట్టుకుపో" అన్నాడు.

వెనక గదిలో ముప్ఫైమందిమి గోడకి ఆని ఉన్నాం. కిటికీ అవతల ప్రచారం జీపులు రైతుకి అండగా ఉంటామని అరుచుకుంటూ తిరిగేవి. నలభై రోజులు గడిచాయి. ఒక్కొక్కరే వచ్చి తమ తుపాకులు పట్టుకుపోయారు. ఆఖరికి సుకురి వచ్చింది. గేటు దగ్గర ఇద్దరు పిల్లలు మూటల పక్కన నిలబడ్డారు.

కానిస్టేబుల్ నన్ను తెచ్చి బల్ల మీద పెట్టి, "వేలిముద్ర వెయ్యి" అన్నాడు.

"తుపాకొద్దు బాబూ. కాయడానికి ఏటున్నాదని? పందులు కర్రల్తో సహా అంతా తొక్కీసినాయి."

"మరెందుకొచ్చావమ్మా?"

"దీనికి సుట్టిన దుప్పటి మాది. అదిచ్చీ బాబూ. బట్టీ కాడ సలెక్కువంట."

అతను దుప్పటి మెల్లగా విప్పి ఇచ్చాడు. సుకురి దాన్ని దులిపి, చిన్నపిల్ల భుజాల చుట్టూ కప్పి, బస్సు వైపు నడిచింది. అన్నాళ్లూ నా ఒంటి మీద ఓ దుప్పటి ఉందని నాకు అప్పుడే తెలిసింది.