మామగారి అతుకులు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను ఏమీ అనొద్దు. ఆ ఇంట్లో పెద్దాయనకు చూపు పోతోంది. వెలుతురూ నీడా తెలుస్తాయి, ఎదుట మనిషి నిలబడితే ఆకారం తెలుస్తుంది, అంతే. ఆ సంగతి ఆయనకు తెలుసు, కంటి డాక్టరుకు తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు. కొడుక్కీ కోడలికీ తెలియదు. తెలియకూడదనే ఆయన పట్టుదల.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఆయన అన్నగారికీ ఇలాగే చూపు పోయింది. అన్నగారి ఇంట్లోవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, ప్రేమగానే చూసుకున్నారు. ఆ ప్రేమతోనే ఒక్కొక్క పనీ ఆయన చేతిలోంచి లాగేసుకున్నారు. గ్లాసు కోసం చెయ్యి చాపితే నోటికే అందించారు. లేవబోతే కూర్చోబెట్టారు. వీధి చివరిదాకా వినిపించేలా మాట్లాడే మనిషి, ఆఖరికి అన్నం పెట్టమంటారా అని అడిగితే ఊఁ అనడం తప్ప ఇంకో మాట లేకుండా అయిపోయాడు. తమ్ముడు అదంతా దగ్గరుండి చూశాడు. డాక్టరు గదిలోంచి ఒక్కడే బయటికొచ్చిన రోజున, నన్ను మాత్రం అలా కూర్చోబెట్టనివ్వను అని తీర్మానించుకున్నాడు.

పుస్తకాలు బైండింగు చేసి బతికిన మనిషి. దారం, జిగురు, గుడ్డముక్క చేతిలో ఉంటే ఆయనకు లోటు లేదు. ఇల్లంతా వేళ్లకు తెలిసేలా గుర్తులు పెట్టుకున్నాడు. బాత్రూం తలుపు పిడికి మైనం పూసిన దారంతో ముడి. ఫ్యాను స్విచ్చి మీద ఎండిన జిగురు బొట్టు. చక్కెర డబ్బాకు రబ్బరు బ్యాండు, ఉప్పు డబ్బాకు బోడి మూత. తన గది నుంచి వంటింటిదాకా నడవా గోడ పొడుగునా, నడుము ఎత్తున, బైండింగు గుడ్డ పీలిక. ఎవరైనా అడిగితే ప్రతిదానికీ ఒక అబద్ధం సిద్ధంగా ఉండేది. "గోడ పెచ్చులూడుతోందమ్మా, అంటించాను." "పిడి జారుతోంది, దారం చుట్టాను." పాపం, అబద్ధాలు కూడా గట్టిగానే కుట్టేవాడు.

ఇక కోడలు. ఆమెకు చేతిపనుల పిచ్చి. ఖాళీ సీసా కనిపిస్తే దీపం చేస్తుంది, చిరిగిన ప్యాంటు కనిపిస్తే సంచి కుడుతుంది. "మా ఆవిడ ముందు ఎక్కువసేపు కదలకుండా కూర్చోవాలంటే నాకు భయం, తాడు చుట్టేసి మూల పెట్టేస్తుంది" అని మొగుడు నలుగురిలో చెప్పి నవ్వించేవాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు కొందరు ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లే, వంతులవారీగా ఒకరింటికి ఒకరు వెళ్లి, చేసినవి చూసి, కాస్త నేర్చుకుని, కాస్త కుళ్లుకుని వస్తుంటారు. వాళ్లందరికీ పెద్ద కత్తెరక్క. చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుందని ఆ పేరు. చేతిలో కాదు, నోట్లో అనేవాళ్లూ ఉన్నారు.

ఈసారి వంతు కోడలిది. ఆ మాట ఖాయమైనప్పటి నుంచి ఇంట్లో తను చేసినవేవీ ఆమె కంటికి ఆనలేదు. ఎటు చూసినా మామగారి అతుకులే.

"ఇంటికి దెబ్బలు తగిలి కట్లు కట్టినట్టుంది. కత్తెరక్క చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అంది మొగుడితో.

"పోనీలేవే, ఏదో పెద్దాయన సరదా."

"మీ నాన్నగారి సరదాకి నా పరువు పోవాలా?"

మొగుడు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో చర్చలు అలాగే ముగుస్తాయి.

పెద్దాయన కూతురింటికి వెళ్లడం ఆమెకు కలిసొచ్చింది. ఆయన వెళ్లీ వెళ్లగానే కొంగు దోపి పనిలోకి దిగింది. తలుపు పిడి ముడి కత్తిరించింది. స్విచ్చి మీది జిగురును చాకుతో గీకింది. నడవా గోడకున్న గుడ్డ పీలిక మాత్రం ఒక పట్టాన ఊడలేదు. పట్టి లాగుతుంటే కనిపించింది, దాని అంచు లోపలికి మడిచి, ఎక్కడా ముడత పడకుండా అంటించాడు. ఎంత పొడుగు గోడ, ఎంత ఓపిక! పెచ్చులకు అతుకు వేయడానికి ఇంత శ్రద్ధ ఎందుకబ్బా అని ఒక్క క్షణం అనుకుంది. ఇంకో క్షణం అనుకుని ఉంటే బాగుండేది. గట్టిగా ఒక్క లాగు లాగి, రంగు డబ్బా మూత తీసింది.

నడవాకు మీగడ రంగు వేసింది. వంటింట్లో డబ్బాలన్నీ ఒక్క సైజువి తెచ్చి, అన్నింటికీ జనపనార తాడు చుట్టి, చిన్న చెక్కబిళ్లలు అంటించి, వాటి మీద తెల్లరంగుతో ఉప్పు, చక్కెర, టీపొడి అని ముచ్చటగా రాసింది. అక్షరాలు బాగా కుదిరాయి. అక్కడే నిలబడి చాలాసేపు చూసుకుని మురిసిపోయింది.

ఆడవాళ్లు వచ్చారు. కత్తెరక్క డబ్బాలను తిప్పి తిప్పి చూసి "తాడు చుట్టడం బాగా వచ్చిందే నీకు" అంది. ఆవిడ నోటి నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎవరూ వినలేదు. కోడలి కాళ్లు నేలమీద ఆనడం లేదు. అప్పుడే అల్లుడు స్కూటరు మీద పెద్దాయనను గుమ్మం దగ్గర దింపి వెళ్లిపోయాడు.

పెద్దాయన చెప్పులు విప్పి, నడవాలోకి వచ్చి, అలవాటుగా గోడ మీదికి చెయ్యి చాపాడు.

"మామయ్యా, గోడలు ముట్టుకోకండి! రంగు పచ్చిగా ఉంది!"

ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఇక్కడ గుడ్డ..." అన్నాడు మెల్లగా.

"అన్నీ తీసేశానండీ. ఇల్లంతా కొత్తగా చేశాను. చూడండి, ఎలా ఉందో!"

"చాలా బాగుందమ్మా" అన్నాడు, కిటికీ వైపు తిరిగి.

ఆ పూటకు ఒంట్లో బాగాలేదని గదిలోకి వెళ్లి పడుకుని ఉంటే గండం గడిచేది. కానీ ఆ ఇంట్లో సాయంత్రం టీ ఆయన పని. ఇవాళ మానేస్తే రేపు ఎందుకు మానేశావని అడుగుతారు. "అందరికీ నేను టీ పెడతాను, మీరు మాట్లాడుకోండి" అన్నాడు.

"అబ్బో, టీ పెట్టిచ్చే మామగారా! ఏం పెట్టి పుట్టావే అమ్మాయ్" అంది కత్తెరక్క.

చాలాసేపయింది. వంటింట్లో ఏదో కిందపడిన చప్పుడు, మళ్లీ నిశ్శబ్దం. చివరికి ట్రే పట్టుకుని, నేలను కాలితో వెతుక్కుంటూ వచ్చాడు. కత్తెరక్క ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది.

"బాబాయ్‌గారూ, మా మీద ఏమన్నా కోపమా? ఉప్పు పోశారేంటి?"

అందరూ గొల్లున నవ్వారు. ఆయనా నవ్వబోయాడు. కోడలికి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ల కష్టం, ఇంత పేరు, ఒక్క గుక్కలో పోయింది. వంటింట్లోకి విసురుగా వెళ్లి డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఏంటి మామయ్యా ఇది? డబ్బా మీద ఇంతింత అక్షరాలతో రాశాను కదా! చదువుకోకుండా చేతికేది దొరికితే అది వేసేయడమేనా? నలుగురిలో నా పరువు తీయాలనా?"

ఆయన డబ్బాను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వేళ్లు తాడు మీదుగా ఒకసారి చుట్టూ తిరిగాయి. అడుగు తడిమాయి, మూత తడిమాయి. చెక్కబిళ్ల మీదకొచ్చి ఆగాయి. దాని మీద రంగే తప్ప గాటు లేదు, గుర్తు లేదు. ఉప్పు అన్న అక్షరాలు సరిగ్గా ఆయన బొటనవేలి కిందే ఉన్నాయి.

"ఎక్కడ రాశావమ్మా?" అన్నాడు.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కత్తెరక్క కప్పు చప్పుడు కాకుండా కింద పెట్టింది.

కోడలికి అప్పుడు అర్థమైంది. డబ్బా సంగతి ఒక్కటే కాదు, ముడి, జిగురు బొట్టు, రబ్బరు బ్యాండు, ముడత లేకుండా అంటించిన ఆ పొడుగాటి పీలిక, అన్నీ ఒకదాని వెనక ఒకటి అర్థమయ్యాయి. తను వాటిని గీకి, కత్తిరించి, చెత్తబుట్టలో వేసి, బుట్ట వీధిలో పారబోసి చేతులు కడుక్కుంది. పైగా ఇప్పుడు ముసలాయనను ఇంతమంది ముందు నిలబెట్టి కేకలేసింది. ఆమెకు ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. నేల చీలితే బాగుండునని మాటవరసకు అంటారు, ఆ క్షణంలో ఆమె నిజంగానే అనుకుంది.

ఆడవాళ్లు మెల్లగా లేచారు. కత్తెరక్క గుమ్మం దగ్గర ఆమె భుజం తట్టింది, ఒక్క మాట కూడా అనకుండా. నాలుగు మాటలు అనేసి పోయినా కొంత నయంగా ఉండేది.

మొగుడు ఆఫీసు నుంచి వచ్చాడు. విన్నాడు. తండ్రి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా? మాకు చెప్పొద్దా? సరే, అయిందేదో అయింది. ఇకనుంచి నువ్వు వంటింటి వైపు వెళ్లకు. పొయ్యి దగ్గరకు అసలే వద్దు. ఏం కావాలన్నా మమ్మల్ని పిలువు. హాయిగా కూర్చో."

"సరేరా" అన్నాడు పెద్దాయన. కనీసం వాదించనైనా వాదించలేదు.

అలా కూర్చోబెట్టకండి అని మొగుడితో చెప్పాలనిపించింది కోడలికి. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? జిగురు డబ్బా, మిగిలిన తాడు పట్టుకుని ఆయన దగ్గరకు వచ్చి నిలబడింది.

"మామయ్యా, ఎక్కడెక్కడ ఏమేం ఉండేవో చెప్పండి. ఇప్పుడే అన్నీ మళ్లీ పెట్టేస్తాను."

"వద్దులే అమ్మా. మీకెవరికీ తెలియకుండా నా పనులు నేను చేసుకోవడానికి పెట్టుకున్నవి అవి. ఇప్పుడు తెలిసిపోయింది. వాడు ఇంక చెయ్యనివ్వడు." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటుందేమోనని ఆమె ఆశగా వెతికింది.

కాసేపటికి గదిలోంచి "అమ్మాయ్" అని పిలుపు వినిపించింది. కోడలు పరిగెత్తింది. ఆయన గుమ్మంలో, గోడకు దూరంగా, చేతులు రెండూ ఛాతీకి దగ్గరగా ముడుచుకుని నిలబడి ఉన్నాడు.

"బాత్రూం దాకా కాస్త చెయ్యి పట్టుకుంటావా? గోడ పట్టుకుని వెళ్లిపోదును గానీ, రంగు పచ్చిగా ఉందన్నావు. మరకలు పడతాయేమోనని..."

ఆమె ఆయన చెయ్యి తీసుకుని గోడకు ఆనించింది. "పడనివ్వండి మామయ్యా. పట్టుకోండి. మీ ఇష్టం వచ్చినట్టు పట్టుకోండి."

ఆయన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "వద్దమ్మా, కష్టపడి వేసుకున్నావు" అని, ఆమె ఉందనుకున్న వైపు చెయ్యి చాపాడు.

ఆమె పట్టుకుంది. ఆయనకు కనిపించదని తెలిసినా, నడవా పొడుగునా తల ఎత్తలేకపోయింది.