ఎక్స్‌పోర్టు ఐసు

బ్యాగులో చీరల మడతల మధ్య కాచి చల్లార్చిన నీళ్ళ సీసాలు కుక్కింది రత్నమాణిక్యం. చెల్లెలు నాగశ్రీకి ఏడో నెల సీమంతం చేసి పంపుతోంది. కాకినాడలో ఉద్యోగానికి ఇంకొన్నాళ్ళు వెళ్ళి, నెలలు నిండేలోపు పురిటికి ఇక్కడికే రావాలి. తల్లి లేని పిల్లకు అక్క ఇల్లే పుట్టిల్లు. ఊళ్ళో పచ్చకామెర్లు తిరుగుతున్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళకు అవి సోకితే ప్రాణం మీదికి వస్తుందని పేపర్లో చదివిన దగ్గర్నుంచి రత్నమాణిక్యం బయటి నీళ్ళు ముట్టొద్దని పోరుతూనే ఉంది. పేపర్లు చదివేవాళ్ళకి నీళ్ళన్నా భయమేనని నవ్వాడు భర్త సీతారామరాజు.

ఆయనగారి శుభ్రతంతా చెరువులో పెంచే రొయ్యలకే. చెరువు నీళ్ళు వారం వారం ల్యాబుకు వెళతాయి. అందులో బ్యాక్టీరియా పిసరంత పెరిగినా ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. రొయ్యకు మందు, రొయ్యకు గాలి, రొయ్యకు డాక్టరు. మనిషి మాత్రం రాళ్ళు తిన్నా అరిగించుకోవాలి.

భీమవరం బస్టాండు ముందు గంగాధర్ చెరుకురసం బండి ఉంది. దాని వైభవం ముక్కు మూసుకుని చెప్పుకోవాల్సిందే. పొద్దున పోసిన బకెట్టు నీళ్ళు సాయంత్రానికి ఈగల చెరువు. ఊరందరి నోళ్ళూ తాకిన గ్లాసులు అందులో ఒకసారి మునిగి లేస్తే కడిగినట్టు. బండి కింద గోనెసంచిలో ఐసుదిమ్మ. రొయ్యల లోడుకు వేయగా మిగిలినది, సీతారామరాజు ఇప్పించినదే. దాన్ని కాలవనీళ్ళతో చేస్తారనీ, చెప్పుల కాళ్ళతో తొక్కుతూ దించుతారనీ తెలియనివాడు లేడు.

ఇంటికొచ్చిన మరదలికి ఏమీ తాగించకుండా బస్సెక్కిస్తే గోదావరి మర్యాద మంటగలిసిపోదూ? సాగనంపడానికి వచ్చిన సీతారామరాజు ఆ బండి దగ్గరే ఆగి నాగశ్రీకి గ్లాసు అందించాడు.

"అక్క వద్దంది బావగారూ," అంది నాగశ్రీ.

"మీ అక్కకేం తెలుసమ్మా. ఇది ఎక్స్‌పోర్టు ఐసు. పైదేశాలకెళ్ళే రొయ్యకి వేసేది. తెల్లోడు తినేదానికి మురికి ఐసు వేస్తామా?"

"ఆయ్, మామూలు ఐసయితే మనం ముట్టుకోమండి రాజుగారూ," అన్నాడు గంగాధర్, గోళ్ళలో మట్టితోనే ఐసు చిదుపుతూ.

"రొయ్యని ఉడకబెట్టుకుని తింటారండి," అంది రత్నమాణిక్యం. "దీన్ని ఇలాగే తాగిస్తున్నారు."

నలుగురిలో పెళ్ళాం ఎదురు చెప్పినందుకు ఆయన మొహం మాడింది. చాచిన చెయ్యి మాత్రం వెనక్కి పోలేదు. బావ చిన్నబుచ్చుకుంటాడని నాగశ్రీ కళ్ళు మూసుకుని గటగటా తాగేసింది. చూశావా, ఏమైందన్నట్టు ఆయన భార్యకేసి గర్వంగా చూశాడు.

నెల దాటాక, మే నెలలో నాగశ్రీ కళ్ళు పచ్చబడ్డాయి. ఆ బండి దగ్గర తాగిన మరికొందరూ అప్పటికే మంచం పట్టారు. ఇది కలుషితమైన నీళ్ళతో వచ్చే కామెర్లని, కొన్ని వారాల కింద ఏం తాగిందని కాకినాడ డాక్టరు అడిగితే, మా ఇంట్లో అన్నీ శుభ్రమేనండి అన్నాడు సీతారామరాజు. చెరుకురసం సంగతి రత్నమాణిక్యమే చెప్పాల్సివచ్చింది. ఆయన అప్పటికే ఫోను పట్టుకుని వరండాలోకి నడిచాడు. ల్యాబునుంచి చెరువు రిపోర్టు వచ్చిందట.

నాగశ్రీ గానీ, కడుపులోని బిడ్డ గానీ కాకినాడ నుంచి తిరిగి రాలేదు. మే ఇరవై రెండు, బుధవారం మధ్యాహ్నం ఇద్దరూ పోయారు.