రెండు గదుల లెక్క

పొద్దున పది గంటల నుంచీ అక్కకు కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ దగ్గరికి వెళ్తుంది, మళ్లీ బల్ల దగ్గరికి వస్తుంది, కాగితం చూసి తల పట్టుకుంటుంది. తోకచుక్క కుజుడిని ఢీకొంటుందని లెక్క తేల్చింది తనే. పన్నెండింటికి వేధశాల పెద్దాయన ఆ సంగతి లోకమంతా చాటబోతున్నారు.

ఢీకొట్టదు. ఆ ముక్క ఈ పొద్దునే తెలిసింది.

తోకచుక్కంటే బుద్ధిగా సూర్యుడు లాగిన దారినే పోయేది కాదు. సూర్యుడికి దగ్గరయ్యేకొద్దీ దాని ఒంట్లో మంచు ఆవిరై బుస్సుమని ఎగజిమ్ముతుంది. ఆ విసురుకి తనను తానే పక్కకు నెట్టుకుంటుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి, ఆ తోపుడు కలపడం మరిచిపోయింది. కలిపి చూస్తే తోకచుక్క కుజుడికి ఇరవై వేల కిలోమీటర్ల అవతలి నుంచి దర్జాగా వెళ్లిపోతోంది.

తప్పు ఒప్పుకోవడానికి అక్కకు నామోషీ లేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ వేధశాలలో ఏ లెక్కైనా ఇద్దరు చేయాలి, వేర్వేరు గదుల్లో, ఒకరి కాగితం ఒకరు చూడకుండా. రెండూ కలిస్తేనే బయటికి పోతుంది. రెండో గదిలో ఉన్నది సొంత చెల్లెలు. ఆమె లెక్కలోనూ తోకచుక్క కుజుడినే గుద్దింది. ఇద్దరికిద్దరూ అదే మరిచిపోతారా?

విసవిసా నడిచి చెల్లి గది తలుపు తోసింది.

"నిజం చెప్పు. నా కాగితం చూసి ఎత్తిరాశావా?"

చెల్లి తల దించుకుంది. "ఆ రోజు బుర్ర పనిచెయ్యలేదక్కా. సాయంత్రంలోగా ఇమ్మన్నారు. నువ్వు తప్పు చేస్తావని నేనెప్పుడైనా అనుకుంటానా?"

"కొంప ముంచావు కదే."

"చెప్పకక్కా. నా ఉద్యోగం పోతుంది."

అక్కకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బయటికి వచ్చేసింది.

పన్నెండుకు ఐదు నిమిషాలుంది. అక్క వెళ్లేసరికి పెద్దాయన తన గదిలో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. "రెండూ కలిశాయి కదమ్మా?"

"నా లెక్క తప్పండి. ఢీకొట్టదు."

"మరి మీ చెల్లెలిది?"

తనూ పొరపాటు పడిందండి అంటే సరిపోతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ రేపు ఇంకో తోకచుక్క భూమి మీదికే వస్తే? రెండో గదిలో మనిషి లేనట్టే కదా.

"తను లెక్క చెయ్యలేదండి. నన్ను నమ్మింది."

గుమ్మంలో నిలబడి విన్న చెల్లి, అక్క వైపు చూడకుండానే సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది.